మైకు గుయ్యిమంటే, బాడీ జివ్వుమంటే: ఎర్తు తేడా పట్టుకుని సరిచేసే పద్ధతి

కల్యాణ మండపంలో స్టేజి మీద పవర్డ్ స్పీకర్లు, హాలు వెనక మిక్సరు, కప్పుకి ప్రొజెక్టరు, బల్ల మీద లాప్‌టాప్. దేనికదే పెట్టి చూస్తే అన్నీ బాగానే పనిచేస్తాయి. అన్నిటినీ వైర్లతో కలిపేసరికి స్పీకర్లలో గుయ్యిమని మోత మొదలవుతుంది. లేదంటే పాడేవాళ్లు "మైకు ముట్టుకుంటే జివ్వుమంటంది బాబూ" అని చెయ్యి వెనక్కి లాగేసుకుంటారు. ఆ తర్వాత జరిగేది శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఒకటే. ఎవరో ఒకరు మిక్సరు ప్లగ్గుకున్న పెద్ద పిన్ను, అంటే ఎర్తు పిన్ను పీకేస్తారు, లేదా టూ పిన్ అడాప్టరు తగిలిస్తారు. మోత ఆగుతుంది. పని అయిపోయిందనుకుంటారు.

నిజానికి ఆగింది మోతొక్కటే కాదు, రక్షణ కూడా. రేపు ఆ మిక్సరు లోపల ఫేజు తీగ ఊడి బాడీకి తగిలితే కరెంటుకి మిగిలే దారి మైకు వైరు, ఆ చివర మైకు పట్టుకున్న మనిషి.

ఎర్తు మోతకి రెండు కారణాలుంటాయి. అవి ఒకదానికొకటి తలకిందులు. మొదటిది అసలు ఎర్తే లేకపోవడం. రెండోది ఎర్తు ఒకటికి రెండు దారుల్లో ఉండడం, దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. మొదటిదానికి మందు ఎర్తు కలపడం. రెండోదానికి మందు సిగ్నల్ వైరులో దారి తెంపడం, పవర్ ప్లగ్గులో మాత్రం ఎప్పుడూ కాదు. ఏది ఏదో తేల్చుకోకుండా చెయ్యి పెడితే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

దగ్గర ఉంచుకోవలసినవి: డిజిటల్ మల్టీమీటరు, తీగలతో సహా హోల్డరుకి తగిలించిన 100 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు (ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు), ఒక డీఐ బాక్సు (లాప్‌టాప్, వాయిద్యాల సిగ్నల్‌ని మిక్సరుకి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె), 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు (రెండు పక్కల తీగలు కలవకుండానే సిగ్నల్‌ని దాటించేది), రంగు టేపు. టెస్టరు స్క్రూడ్రైవరు జేబులో ఉంటే ఉండనివ్వండి. అది ఫేజు ఉందో లేదో చెప్తుంది గాని ఎర్తు బాగుందో లేదో చెప్పలేదు.

ముందు చెవితో వినండి

మన కరెంటు 50 సైకిళ్లది. గ్రౌండ్ లూప్ మోత లోతుగా, నిలకడగా, పెద్ద తుమ్మెద లోపలెక్కడో ఇరుక్కున్నట్టు గుయ్యిమంటుంది. ఎర్తు లేకపోయినా, షీల్డు (సిగ్నల్ తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) తెగినా శబ్దం సన్నగా, గరుకుగా జర్‌ర్‌మంటుంది. లైట్ల డిమ్మరు తిప్పినప్పుడల్లా ఆ జర్‌ర్ మారుతుంటే తప్పు డిమ్మరుది. సౌండుకీ దానికీ ఒకే లైను ఇవ్వకండి.

ఇప్పుడు మిక్సరు మాస్టర్ ఫేడరు (మొత్తం సౌండు పెంచి తగ్గించే జారుడు మీట) పూర్తిగా కిందికి దించండి. మోత అలాగే ఉందంటే తేడా మిక్సరుకీ స్పీకరుకీ మధ్య ఉంది. తగ్గిపోతే మిక్సరుకి వచ్చే వైర్లలో ఉంది. అప్పుడు మాస్టరు పైకెత్తి ఒక్కో చానెల్ ఫేడరు దించుతూ రండి. ఏది దించితే మోత పోతుందో దొంగ ఆ వైరులోనే ఉన్నాడు. అర నిమిషం పని. ఇది చెయ్యకుండా వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చడంతోనే చాలాచోట్ల పూట గడిచిపోతుంది.

వయొలిన్‌కో వీణకో పికప్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చేది) పెట్టిన కచేరీల్లో ఇంకో గుర్తు ఉంది, సంగీతానికి పేరున్న విజయనగరంలో ఇది తరచు పనికొస్తుంది. కళాకారుడి వేలు పికప్ జాక్ మీది లోహానికి తగిలినప్పుడు జర్‌ర్ తగ్గి, తీసేస్తే పెరుగుతుంటే అక్కడ లూప్ లేదు. షీల్డు తెగింది, లేదా ఆ వరసలో ఎక్కడా ఎర్తు లేదు. అతని ఒళ్లే షీల్డుగా పనిచేస్తోంది. వేలు తగిలినా తగలకపోయినా మోత మారకపోతే లూప్‌ని అనుమానించండి. ఈ పరీక్షకి ముందు కింద చెప్పిన మీటరు కొలతలు తీసుకోవాలి. జివ్వుమంటోందని ఫిర్యాదు ఉన్నచోట చేత్తో ముట్టుకుని చూడడం పరీక్ష కాదు.

సాకెట్ ఏం చెప్తోంది

సాకెట్‌కి ఎదురుగా నిలబడితే పై పెద్ద రంధ్రం ఎర్తు, కుడి పక్కది ఫేజు, ఎడమ పక్కది న్యూట్రల్. మీటరు ఏసీ 750 లేదా 600 వోల్టుల రేంజిలో పెట్టి మూడు కొలతలు తీయండి. ఫేజు–న్యూట్రల్ మధ్య 230కి అటూఇటూ రావాలి. ఫేజు–ఎర్తు మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్–ఎర్తు మధ్య లోడు నడుస్తుండగా ఒకటి రెండు వోల్టులుంటే మామూలే.

న్యూట్రల్–ఎర్తు మధ్య పది, ఇరవై చూపిస్తే న్యూట్రల్ మీద లోడు ఎక్కువగా ఉంది, లేదా దారిలో ఎక్కడో జాయింటు వదులైంది. ఫేజు–ఎర్తు కొలత యాభయ్యో నూరో అంటూ ఊగిసలాడితే ఎర్తు తీగ ఎక్కడో తెగి గాల్లో ఉంది. అన్నిటికన్నా మోసపుచ్చేది న్యూట్రల్–ఎర్తు మధ్య లోడు ఎంత పెంచినా కచ్చితంగా 0.0 రావడం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ చాలాసార్లు దాని అర్థం, వైరింగు చేసినవాళ్లు ఎర్తు తీగ లాగే ఓపిక లేక సాకెట్ లోపలే న్యూట్రల్ నుంచి ఎర్తుకి ఒక ముక్క తీగ కట్టేశారని. వెనక ఎక్కడైనా న్యూట్రల్ ఊడితే ఆ సాకెట్‌కి తగిలించిన ప్రతి లోహపు బాడీకీ 230 వోల్టులు ఎక్కుతాయి. అలాంటి సాకెట్ వెంటనే విప్పించాలి.

మల్టీమీటరు కూడా ఒక్కోసారి అబద్ధమాడుతుంది. దాని లోపలి నిరోధం చాలా ఎక్కువ కాబట్టి తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలిన ఎర్తు తీగ మీద కూడా నిండు 230 చూపిస్తుంది. నిజం తేలాలంటే బరువు పెట్టాలి. ఆ బోర్డు మీదున్న వస్తువులన్నీ పీకేసి, ఎవరూ దేన్నీ ముట్టుకోకుండా చూసి, 100 వాట్ల బల్బుని ఫేజుకీ ఎర్తుకీ మధ్య వెలిగించండి. వెలుతురు ఫేజు–న్యూట్రల్ మధ్య పెట్టినప్పుడు వచ్చినంత రావాలి. అది వెలుగుతుండగానే న్యూట్రల్–ఎర్తు వోల్టేజి మళ్లీ కొలవండి. బల్బు లాగేది 0.43 ఆంపులు. మునుపు 1 వోల్టు ఉన్నది ఇప్పుడు 5.3 అయితే పెరిగింది 4.3. దాన్ని 0.43తో భాగిస్తే 10 ఓమ్‌లు. మీ ఎర్తు గొయ్యీ, అవతల ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి గొయ్యీ కలిపి వచ్చే లెక్క అది. బల్బు గుడ్డిగా వెలిగినా, వెలగకపోయినా ఎర్తు పోయినట్టే. 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి లీకైతే లైను తెంపే స్విచ్చి) ఉన్నచోట ఈ బల్బు పెట్టగానే అది పడిపోతుంది. పడిపోయిందంటే ఆర్‌సీసీబీ పనిచేస్తోందనీ, ఎర్తు దారి ఎంతో కొంత ఉందనీ అర్థం. దాన్ని బైపాస్ చేసి మరీ బల్బు వెలిగించకండి. ఈ పరీక్ష లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతిమీదుగా జరగాలి.

జివ్వుమనడం ఎక్కణ్నుంచి వస్తుంది

కంప్యూటరు, ఆంప్లిఫయరు, ఎల్‌ఈడీ వాల్ – వీటి పవర్ సప్లై లోపల ఫేజు నుంచి బాడీకొకటి, న్యూట్రల్ నుంచి బాడీకొకటి చిన్న కెపాసిటర్లుంటాయి. వాటి పని రేడియో రొదని ఎర్తులోకి దింపడం. ఎర్తు తెగితే అవి రెండూ 230ని సగానికి పంచుతాయి. అందుకే ఎర్తు లేని కంప్యూటరు బాడీ మీద మీటరు 110, 115 చూపిస్తుంది. అంత చూపించినా మనిషి పడిపోకపోవడానికి కారణం కరెంటు తక్కువ కావడమే. 4.7 నానోఫారడ్ కెపాసిటరు గుండా 230 వోల్టులకి పారేది 0.34 మిల్లీ ఆంపులు. ఒక్కటైతే జివ్వుమంటుంది, అంతే.

అయితే పది వస్తువుల బాడీలు సిగ్నల్ వైర్లతో ఒకదానికొకటి కలిసి, ఏ ఒక్కదానికీ ఎర్తు లేకపోతే ఆ పదింటి లీకేజీ కలిసి మైకు పట్టుకున్న మొదటి మనిషి మీదికి వస్తుంది. హెచ్‌డీఎంఐ పోర్టులు ఊరికే చచ్చిపోతున్నాయనే ఫిర్యాదుకి కూడా మూలం తరచు ఇదే. ప్రొజెక్టరు బాడీ ఒక వోల్టేజిలో, లాప్‌టాప్ బాడీ ఇంకో వోల్టేజిలో ఉండగా వైరు గుచ్చితే, గ్రౌండ్ తీగ కలవకముందే సిగ్నల్ పిన్ను కలిసిందంటే ఆ తేడా అంతా చిప్పు మీద పడుతుంది. రెండు వస్తువులూ పవర్ ఆపి, పవర్ ప్లగ్గులు గోడకే ఉంచి, హెచ్‌డీఎంఐ గుచ్చి, ఆ తర్వాత స్విచ్చి వెయ్యండి. ప్లగ్గు గోడకుంటేనే ఎర్తు ఉంటుంది. ఈ చిన్న వరస చాలా పోర్టుల్ని కాపాడుతుంది.

లూప్ ఎక్కడుందో పట్టుకోవడం

ఎర్తు బాగుందని తేలింది, మోత మాత్రం ఉంది. అంటే దారులు రెండున్నాయి. సిగ్నల్ వైర్లన్నీ తీసేసి స్పీకరొక్కటే వెయ్యండి. మౌనంగా ఉండాలి. ఉండకపోతే తప్పు స్పీకరులోనే. తర్వాత మిక్సరు కలపండి, వినండి. తర్వాత లాప్‌టాప్, ఆపైన ప్రొజెక్టరు, రికార్డరు, లైవ్ ఇచ్చే కెమెరా వైరు. ఒక్కసారికి ఒక్కటే. కేబుల్ టీవీ వైరు, డిష్ వైరు కలిసిన టీవీ ఉంటే దాన్ని మర్చిపోకండి. ఆ వైరు షీల్డు బయటెక్కడో స్తంభం దగ్గర ఎర్తయి ఉంటుంది. అది కంటికి కనబడని రెండో దారి.

లాప్‌టాప్ కలపగానే మోత వస్తే చార్జరు పీకి చూడండి. బ్యాటరీ మీద మౌనం, చార్జరు మీద మోత అయితే లూప్ చార్జరు త్రీ పిన్ ద్వారా వస్తోంది. పాటలు ఫోనులో పెట్టి, ఆ ఫోనుకి చవకబారు చార్జరు తగిలించినప్పుడు వచ్చే జర్‌ర్ వేరు, అది చార్జరు లీకేజీ. దానికి మందు చార్జరు పీకేయడమే.

మోత ఎంత ఉంటుందో లెక్క కట్టి చూస్తే ఇది ఎందుకింత మొండిదో తెలుస్తుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి కిలోమీటరుకి సుమారు 12 ఓమ్‌ల నిరోధం. హాలు వెనకనుంచి స్టేజి దాకా 30 మీటర్ల ఎర్తు తీగకి 0.36 ఓమ్. హాల్లోని లైట్లు, ఏసీలు, కంప్యూటర్ల లీకేజీ కలిపి అందులో 10 మిల్లీ ఆంపులు పారితే రెండు చివరల మధ్య 3.6 మిల్లీ వోల్టుల తేడా. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి వచ్చే పాట సుమారు 300 మిల్లీ వోల్టులు. అంటే నూరో వంతుకి పైనే మోత. పాట నడుస్తుంటే తెలియదు. పురోహితుడు మంత్రం మధ్య ఊపిరి తీసుకునే జాగాలో నిండుగా వినిపిస్తుంది.

కోత పెట్టవలసిన చోటు

మొదటి మందుకి ఖర్చు లేదు. మిక్సరు, లాప్‌టాప్, స్పీకర్లు, ప్రొజెక్టరు అన్నిటికీ కరెంటు ఒక్క 16 ఆంపుల సాకెట్ నుంచి ఇవ్వండి. ఆ సాకెట్ మోయగలిగింది 3680 వాట్లు, మామూలు హాలు సౌండుకి చాలినంత. స్టేజికి 2.5 చదరపు మిల్లీమీటర్ల త్రీ కోర్ వైరు లాగండి, రెండు కోర్లది కాదు. కరెంటు వైరు, సిగ్నల్ వైరు పక్కపక్కన పోవలసి వస్తే మధ్య అడుగు జాగా ఉంచండి. దాటవలసి వస్తే అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించండి. మూడు ఫేజుల కరెంటున్న హాల్లో మిక్సరు ఒక ఫేజు మీద, స్పీకర్లు ఇంకో ఫేజు మీద ఉంటే మోతే కాదు, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులుంటాయన్న సంగతీ గుర్తుండాలి.

రెండో మందు బ్యాలెన్స్‌డ్ వైరు, అంటే షీల్డు కాక సిగ్నల్‌కే హాట్, కోల్డ్ అని రెండు తీగలున్నది. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో (మైకు వైరుకుండే మూడు పిన్నుల కనెక్టరు) 1వ పిన్ను షీల్డు, 2వది హాట్, 3వది కోల్డ్. మిక్సరు బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఇస్తుండగా దాన్ని ఒకే సిగ్నల్ తీగ ఉండే మోనో పీ-38 జాక్‌తో స్పీకరుకి తెచ్చి మోతని కొనితెచ్చుకునేవాళ్లు బోలెడుమంది. మిక్సరు నుంచి స్పీకరుకెళ్లే లైనులో ఇంకా మోత మిగిలితే స్పీకరు చివర 1వ పిన్ను దగ్గర షీల్డు తీగ మాత్రం విప్పి, ఆ వైరుకి ఎర్ర టేపు చుట్టండి. ఆ వైరు పొరపాటున మైకుకి వెళ్లిందా, కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ (మైకు వైరులోనే మిక్సరు పంపే కరెంటు) అందదు, మిగతా మైకులూ జర్‌ర్‌మంటాయి. టేపు అందుకే.

లాప్‌టాప్ నుంచి మిక్సరుకి వచ్చేచోట డీఐ బాక్సు పెట్టి దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి తొయ్యండి. ఇది సిగ్నల్ షీల్డుని తెంపుతుంది, పవర్ ఎర్తుని ముట్టుకోదు. డీఐ లేకపోతే 1:1 ట్రాన్స్‌ఫార్మరు ఐసొలేటరు చాలు. మరీ చవకవాటిలో కోరు చిన్నది, డోలు దెబ్బ పడగానే బేస్ పల్చబడుతుంది. తప్పెటగుళ్లు, సన్నాయి మేళం లాంటి కార్యక్రమాలకి కొంచెం బరువున్నది కొనండి. చేతిలో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

ప్రొజెక్టరుది కాస్త చిక్కు. ఒకే సాకెట్ నుంచి ఇవ్వడం కుదరనిచోట అది కప్పు దగ్గర వేరే బోర్డు నుంచి ఎర్తు తీసుకుంటుంది, హెచ్‌డీఎంఐ షీల్డు ద్వారా లాప్‌టాప్‌కి కలుస్తుంది. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వైరు వేస్తే లూప్ పోతుందని అమ్మేవాళ్లు చెప్తారు. చాలా ఆప్టికల్ వైర్లలో బొమ్మ గాజు తీగలో పోతుంది గాని చిన్న సిగ్నళ్లకీ పవర్‌కీ రాగి తీగలు అలాగే ఉంటాయి, లూప్ కూడా ఉంటుంది. ఆడియోని అక్కడ ఐసొలేటరుతో విడదీయడమే సులువు.

గొయ్యి సంగతి

పైప్ ఎర్తింగుకి మామూలు కొలత 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనప) పైపు, 2.5 మీటర్ల పొడవు, గోడకి కనీసం 1.5 మీటర్ల దూరం. లోతు కంటే ముఖ్యం, పైపు అడుగు ఏడాది పొడుగునా తడిగా ఉండే మట్టిలో ఉండడం. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఇసుక నేలలో నీళ్లు పోస్తే నిలవవు. అక్కడ తడి తగిలేదాకా దిగాలి, లేదా 3 మీటర్ల రాగి పూత రాడ్డు వేసి చుట్టూ బెంటొనైట్ (తడిని పట్టి ఉంచే బంకమట్టి) నింపాలి. ఉప్పూ బొగ్గూ వరసలుగా వేసే పాత పద్ధతి నిరోధాన్ని తగ్గిస్తుంది నిజమే. కానీ సముద్రపు గాలికి తోడు ఉప్పు కూడా కలిస్తే జీఐ పైపు త్వరగా కరిగిపోతుంది. పైన క్లాంపు మెరుస్తూ కనిపిస్తుంది, కింద పైపు ఉండదు. కొండల వైపు రాతి ఎర్ర నేలల్లో ఒక్క గొయ్యి చాలదు. రెండు మూడు గోతులు, ఒకదానికొకటి కనీసం 5 మీటర్ల దూరంలో తవ్వి కలపాలి.

ఎండాకాలంలో కొలిచిన నిరోధమే నిజమైన లెక్క. ఆగస్టులో తీసిన కొలత చూసి మురిసిపోకూడదు. ఎర్త్ మెగ్గరుతో (ఎర్తు నిరోధం కొలిచే మీటరు) కొలిచేటప్పుడు దూరపు మేకు 25–30 మీటర్ల అవతల, మధ్య మేకు ఆ దూరంలో 62 శాతం దగ్గర పాతాలి. 5 ఓమ్‌ల లోపు వస్తే ఇల్లు, చిన్న హాలుకి బాగున్నట్టు. అయినా 5 ఓమ్‌ల గుండా ఫాల్టు కరెంటు 46 ఆంపులే, 16 ఆంపుల ఎంసీబీ (కరెంటు మితిమీరితే లైను తెంపే స్విచ్చి) తటాలున పడడానికి అది చాలకపోవచ్చు. అందుకే గొయ్యి ఎంత బాగున్నా 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ తప్పదు. అది 15 మిల్లీ ఆంపులు దాటాక ఎక్కడైనా పడవచ్చు. ఒకే ఆర్‌సీసీబీ మీద ఇరవై ముప్పై కంప్యూటర్లు పెట్టి ఊరికే పడిపోతోందని తిట్టేవాళ్లు లీకేజీలు కూడి చూసుకోవాలి.

ఇక్కడ ఒక సలహా గురించి గట్టిగా చెప్పాలి. సౌండు సిస్టానికి వేరే గొయ్యి తవ్వండి, మెయిన్ ఎర్తుతో కలపకండి అంటారు. వినకండి. ఒకే భవనంలో రెండు విడి ఎర్తులుంటే మామూలు రోజుల్లోనే వాటి మధ్య వోల్టు, రెండు వోల్టులు ఆడుతుంటాయి. వైశాఖంలో సాయంత్రం దగ్గర్లో పిడుగు పడితే ఆ తేడా వేలల్లోకి వెళ్తుంది, అదంతా మీ ఆడియో వైరు మోయాలి. గోతులు ఎన్నైనా తవ్వండి, అన్నిటినీ మెయిన్ బోర్డు దగ్గర ఒక్క ఎర్తు పట్టీకి కలపండి.

జనరేటరు, ఇన్వర్టరు ఉన్నచోట

సిరిమాను పండక్కో, అరసవల్లి రథసప్తమికో వేసే తాత్కాలిక పందిళ్లలో జనరేటరు మీదికి మారగానే మోత మారితే న్యూట్రల్ చూడండి. చిన్న జనరేటర్లలో న్యూట్రల్ ఎర్తుకి కలవకుండా తేలుతూ ఉంటుంది. న్యూట్రల్‌ని ఎర్తు చెయ్యకపోతే ఆర్‌సీసీబీ ఉన్నా పనిచెయ్యదు. జనరేటరు ఒంటికి రెండు వేర్వేరు ఎర్తు తీగలు ఉండాలి. ఇన్వర్టరు స్క్వేర్ వేవ్‌ది అయితే కరెంటు పోగానే వచ్చే జర్‌ర్ దాని ఆకారం వల్ల వచ్చేది, ఎర్తు వెతికి లాభం లేదు. సైన్ వేవ్‌ది పెట్టాలి.

కెమెరాలు, నెట్ వైర్లు

పాత కోయాక్స్ సీసీ కెమెరాల్లో అడ్డ చారలు మెల్లగా పైకి పాకుతుంటే అది లూపే. కెమెరా ఒళ్లు ఇనప స్తంభానికి తగులుతోందేమో చూడండి. మధ్య ప్లాస్టిక్ బాక్సు పెట్టి, బీఎన్‌సీ కనెక్టరు లోహం దేనికీ తగలకుండా టేపు చుట్టండి. పోకపోతే ట్రాన్స్‌ఫార్మరు ఉన్న వీడియో ఐసొలేటరు. మామూలు బాలన్ (వీడియోని జంట తీగల వైరులోకి మార్చే చిన్న కనెక్టరు) చాలాసార్లు విడదీయదు.

నెట్‌వర్క్ పోర్టుల్లో ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి కాబట్టి ప్లాస్టిక్ ప్లగ్గుల యూటీపీ (షీల్డు లేని) వైరు లూప్ చెయ్యదు. నాణ్యం కోసమని లోహపు ప్లగ్గుల షీల్డెడ్ వైరు వేస్తే చేస్తుంది. బడి నుంచి ఆఫీసు గదికి, గోడౌను నుంచి ఇంటికి, అంటే రెండు భవనాల మధ్య అయితే ఏ రాగి తీగా వద్దు. ఫైబరు వేసి రెండు చివరలా మీడియా కన్వర్టరు (ఫైబరు నుంచి నెట్ వైరుకి మార్చే పెట్టె) పెట్టండి. స్తంభాల మీదుగా లాగే ఆ ఫైబరులో బిగువు కోసం ఉక్కు తీగ ఉంటే దాన్ని భవనం లోపలికి తీసుకురాకుండా బయటే కోసి ఆపండి.